నరకం అంతులేనిదైతే అది న్యాయం ఎలా అవుతుంది?

తార్నాక అబ్బాయి:
అందరికీ వందనాలు. పుట్టుకతో క్రైస్తవుణ్ణి, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), ఆదివారం ఆరాధన ఇప్పటికీ మానను. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, కింద రాసింది చదివి ఎవడో మతం మీద బురద చల్లడానికి వచ్చాడు అనుకోవద్దని.

నా ప్రశ్న సూటిగా అడుగుతాను. డెబ్బై ఏళ్ళు బతికిన మనిషి ఎంత పాపం చేసినా, దానికి కోటి ఏళ్ళు, ఆ తర్వాత ఇంకో కోటి ఏళ్ళు, ఎప్పటికీ ఆగకుండా బాధ పెట్టడం న్యాయం ఎలా అవుతుంది? శిక్ష అంటే ఏదో ఒక ప్రయోజనం ఉండాలి కదా. తప్పు చేసినవాడు మారాలి, లేదా చూసినవాడు భయపడాలి, లేదా బాధపడ్డవాళ్ళకి జరిగిన నష్టం కొంతైనా తీరాలి. నరకంలో పడ్డాక మారే అవకాశం లేదంటారు. తీర్పు దినం అయిపోయాక చూసి భయపడాల్సినవాళ్ళు ఎవరూ మిగలరు. ఇక మిగిలేది బాధ కోసం బాధ. మనిషి అలా చేస్తే క్రూరుడంటాం.

హంతకుల సంగతి పక్కన పెడదాం. మా పెద్దమ్మ హిందువు, పొద్దున్నే తులసికోట దగ్గర దీపం పెట్టుకునేది, మా అమ్మకి కాన్పులైనప్పుడల్లా వచ్చి నెలల తరబడి చాకిరీ చేసింది. ఆమె పోయాక మా ఇంట్లో పెట్టుకున్న ఆదరణ కూడికలో వాక్యం చెప్పడానికి వచ్చినాయన, "ఆమె ఇప్పుడు ఎక్కడుందో మీకు తెలుసు, మీరైనా జాగ్రత్తపడండి" అన్నాడు. అమ్మ పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆ అట్ట మీదే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత పాట ఎత్తుకోమంటే గొంతు పెగల్లేదు. దీన్ని ఆదరణ అంటారా?

కూకట్‌పల్లి హేతువాది:
డార్విన్ ఆత్మకథలో సరిగ్గా ఇదే ఉంది తమ్ముడూ. నమ్మనివాళ్ళకి నిత్యశిక్ష అనేది నిజమైతే మా నాన్న, మా అన్న, నా దగ్గరి స్నేహితులు దాదాపు అందరూ అందులోకే పోతారు, ఇది నీచమైన సిద్ధాంతం అన్న అర్థంలో రాసుకున్నాడు. 1887లో ఆ పుస్తకం మొదటిసారి అచ్చయినప్పుడు భార్య ఎమ్మా కోరిక మీద ఆ వాక్యాలు తీసేశారు, 1958లో మనవరాలు పూర్తి పాఠం వేసేదాకా జనానికి తెలియలేదు. కోతి నుంచి మనిషి అన్న సిద్ధాంతం వల్లే ఆయన మతానికి దూరమయ్యాడని అందరూ అనుకుంటారు గానీ, ఈ నైతిక అభ్యంతరం అందులో చాలా బలంగా ఉంది.

ఈసీఐఎల్ పాస్టరు:
బ్రదర్, మీ అమ్మగారి ముందు అలా మాట్లాడి ఉండకూడదు. ఆ మాట నా తోటి సేవకుడు అన్నా నేను సమర్థించను. కానీ సిద్ధాంతం వేరు, చెప్పిన తీరు వేరు. నిత్యశిక్ష మనుషులు పుట్టించింది కాదు, ప్రభువే చెప్పాడు. మత్తయి 25:46, "వీరు నిత్యశిక్షకును నీతిమంతులు నిత్యజీవమునకును పోవుదురు." ఒకే వాక్యంలో రెండూ ఉన్నాయి. జీవం ఎప్పటికీ ఉంటుంది, శిక్ష మాత్రం కొన్నాళ్ళకు ముగుస్తుంది అని మనకు నచ్చినట్టు విడదీయలేం. ప్రాచీన సంఘ వేదాంతి అగస్టీను 5వ శతాబ్దంలోనే ఈ వాదన చేశాడు.

ఇక కొద్దికాలపు పాపానికి అంతులేని శిక్ష ఏమిటి అన్న ప్రశ్న. పాపం బరువు అది చేయడానికి పట్టిన సమయాన్ని బట్టి ఉండదు. హత్యకు ఒక్క నిమిషం చాలు, శిక్ష జీవితఖైదు. పాపం ఎవరి మీద చేశామన్నది ముఖ్యం. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్ 11వ శతాబ్దం చివర్లో ఇదే చెప్పాడు, తర్వాత కతోలిక వేదాంతి అక్వినాస్ కూడా అన్నాడు: అనంతుడైన దేవునికి వ్యతిరేకంగా చేసిన పాపం అనంతమైనది.

ఉప్పల్ ఒంగోలోడు:
పాస్టరు గారూ, మీ మీద గౌరవం ఉంది కాబట్టే నిర్మొహమాటంగా రాస్తున్నాను. తప్పు అదే అయినా ఎవరి మీద చేశామన్నదాన్ని బట్టి శిక్ష పెరగాలి అన్న సూత్రం మాకు కొత్త కాదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో తిట్టినందుకు శిక్షలు ఉన్నాయి చూడండి. బ్రాహ్మణుణ్ణి క్షత్రియుడు తిడితే నూరు పణాలు, శూద్రుడు తిడితే దేహశిక్ష. అదే బ్రాహ్మణుడు శూద్రుణ్ణి తిడితే పన్నెండు పణాలు. తిట్టు ఒకటే, పడినవాడి అంతస్తును బట్టి లెక్క మారింది. అంబేద్కర్ 1927 డిసెంబర్ 25న మహద్‌లో దాన్ని తగలబెట్టించింది ఇందుకే. మా తాతముత్తాతలు మాదిగపల్లె నుంచి సంఘంలోకి వచ్చింది, ఇక్కడ దేవుడు అంతస్తు చూడడని విని. ఇప్పుడు ఆ దేవుడే తన అంతస్తు పెద్దది కాబట్టి శిక్షకి హద్దు లేదంటాడని చెబితే, మేం ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి వచ్చినట్టు?

ఇంకొకటి. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి పని ఇప్పించాడు. మా పెద్దలు ఇప్పటికీ దొరగారు అనే అంటారు. ఆ కాలంలో బాప్తిస్మం కోసం వచ్చినవాళ్ళని ఆయన ఆపాడు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని. ఆ నిర్ణయం నిజాయితీగలదే, నేను తప్పుపట్టను. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, సంఘ చరిత్రలో గొప్పగా చెప్పుకుంటాం, నేనూ చెప్పుకుంటాను.

కానీ 1877లో పోయినవాళ్ళ మాటేమిటి? సువార్త చెవినే పడకుండా, తిండి లేక రోడ్డు పక్కన పడి పోయినవాళ్ళు? తల్లి కరువులో పోయి కూతురు మరుసటేడు నీళ్ళలో మునిగి లేస్తే, కూతురు పరలోకంలో, తల్లి అగ్నిగుండంలోనా? ఆ తల్లి ఇక్కడ ఆకలితో మాడి, అక్కడ మంటలో మాడి, ఎప్పటికీ? దీనికి అన్సెల్మ్ జవాబు చాలదు సార్.

మత్తయి 25 అన్నారు కదా, అదే అధ్యాయం 31వ వచనం నుంచి చదవండి. నిత్యశిక్షకి పోయింది ఎవరు? ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టనివాళ్ళు, దాహంతో ఉన్నవాడికి నీళ్ళివ్వనివాళ్ళు, చెరసాలలో ఉన్నవాణ్ణి చూడ్డానికి వెళ్ళనివాళ్ళు. నువ్వు ఏ సంఘ సభ్యుడివి అని రాజు అక్కడ ఒక్కర్నీ అడగలేదు.

మెహిదీపట్నం భాయ్:
సలాం. ఈ చర్చ మా దగ్గర కూడా పాతదే. ఎక్కువమంది ఆలిములు (మత పండితులు) అవిశ్వాసులకి దోజఖ్ (నరకం) శాశ్వతమనే అంటారు. కానీ 14వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ఖయ్యిం లాంటి పెద్ద పండితుడు, దేవుడి రహ్మత్ (కరుణ) కోపం కంటే పెద్దది కాబట్టి ఆ మంట కూడా ఒకరోజు ఆరిపోవచ్చని వాదించాడు. అంటే ఈ ప్రశ్న వేయడం ఈమాన్ (విశ్వాసం) లేకపోవడం కాదు. అంతే చెప్పాలనిపించింది.

ఈసీఐఎల్ పాస్టరు:
ఒంగోలు బ్రదర్, కరువు సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా అమ్మమ్మ వాళ్ళదీ ఆ ప్రాంతమే.

సువార్త విననివాళ్ళు నరకానికే పోతారని నేను బోధించను. రోమా 2లో పౌలు, ధర్మశాస్త్రం లేని అన్యజనుల హృదయాల్లో కూడా అది రాసి ఉందంటాడు, వాళ్ళ మనస్సాక్షే సాక్ష్యమంటాడు. లూకా 12లో ప్రభువు, తెలియక చేసినవాడికి కొద్ది దెబ్బలు, తెలిసి చేసినవాడికి అనేక దెబ్బలు అన్నాడు. అబ్రాహాము సొదొమ విషయంలో దేవునితోనే "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అని అడిగాడు. ఆ తల్లిని ఆయనకే వదిలేస్తాను, ఆయన అన్యాయం చేయడు.

నేను నిత్యశిక్ష అని చెప్పేది తెలిసీ తెలిసీ దేవుణ్ణి తోసేసినవాళ్ళ గురించి. వాళ్ళని ఆయన తోయలేదు, వాళ్ళే పోయారు. ప్రేమ బలవంతం చేయదు. చివరిదాకా వద్దన్నవాడికి ఆయన "సరే, నీ ఇష్టం" అంటాడు, అదే నరకం.

తార్నాక అబ్బాయి:
పాస్టరు గారూ, కొద్ది దెబ్బలు అంటే ఎక్కడో లెక్క పూర్తవుతుందనే కదా. అంతం లేని దెబ్బల్లో కొద్ది ఏమిటి, అనేకం ఏమిటి? మీరు చూపించిన వాక్యమే నా వైపు మాట్లాడుతోంది.

ఇక నీ ఇష్టం అన్న వాదన. హుస్సేన్‌సాగర్‌లో దూకినవాళ్ళని లేక్ పోలీసులు బయటికి లాగుతారు. ఆ మనిషి "నన్ను వదిలేయండి" అని గింజుకున్నా లాగుతారు. దూకినవాడి స్వేచ్ఛను గౌరవిద్దామని ట్యాంక్‌బండ్ మీద చేతులు కట్టుకుని నిలబడరు. ఎందుకంటే ఆ నిమిషంలో అతను తీసుకున్న నిర్ణయం బాధలో, చీకట్లో తీసుకున్నదని వాళ్ళకు తెలుసు. మనిషి దేవుణ్ణి వద్దనుకునే నిర్ణయం కూడా దాదాపు ఎప్పుడూ అలాంటిదే. చిన్నప్పుడు సంఘ పెద్ద చేతిలోనే దెబ్బలు తిని విశ్వాసం వదిలేసినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు తోసేసింది దేవుణ్ణా, ఆ మనిషినా? పూర్తిగా తెలిసి, ఏ గాయం లేకుండా, ఏ భ్రమ లేకుండా, ఎప్పటికీ బాధే కావాలని కోరుకునే మనిషి ఎవరైనా ఉంటాడా? అలా కోరుకుంటే అది రోగం, దానికి వైద్యం చేయాలి గానీ తలుపు వేసేయకూడదు.

మౌలాలి టీచరమ్మ:
ఇంతసేపూ చదువుతున్నాను. అందరూ నరకం ఉండకూడదు, అంతం కావాలి అని రాస్తున్నారు. మాది తెనాలి వైపు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని తరిమి తరిమి నరికారు. గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు, 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. ఇరవై మూడేళ్ళు తిరిగి తిరిగి చనిపోయినవాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళకి దక్కింది అది. ఇప్పుడు మీరొచ్చి పైన కూడా శిక్ష లేదంటే, వాళ్ళు ఎవరి దగ్గరికి పోవాలి చెప్పండి.

నరకం క్రూరం అని తేలిగ్గా అనగలిగేది క్రూరత్వం తమ గడప తొక్కనివాళ్ళు. ప్రకటన గ్రంథంలో బలిపీఠం కింద హతులైనవాళ్ళ ఆత్మలు "ఎందాక ప్రభువా" అని కేకలేస్తాయి. ఆ కేకకి జవాబు ఉండాలి. నాకు నరకం కావాలి.

ఉప్పల్ ఒంగోలోడు:
టీచరమ్మ గారూ, మీ మాట కాదనే ధైర్యం నాకు లేదు. 1985లో దళితుల్ని చంపిన కారంచేడు మాకు దగ్గరే. లెక్క తేలాలి, అందులో రెండో మాట లేదు.

కానీ ఒక్కటి చూడండి అక్కా. మనకి నేర్పిన సిద్ధాంతం ప్రకారం, కత్తి పట్టినవాడు చనిపోయే ముందు మంచం మీద మారుమనస్సు పొంది ప్రభువా అంటే పరలోకానికి పోతాడు. చచ్చిపోయిన కుర్రాడు ఏ విశ్వాసమూ ఒప్పుకోకుండా పోయుంటే అగ్నిగుండానికి పోతాడు. అంటే మీరు అడుగుతున్న న్యాయం ఆ నరకంలో లేదు. అక్కడ లెక్క నమ్మినవాళ్ళకీ నమ్మనివాళ్ళకీ మధ్య గానీ, చంపినవాడికీ చచ్చినవాడికీ మధ్య కాదు. నాకు ఈ సిద్ధాంతం మీద అసలు కోపం ఇక్కడే, ఇందులో బాధితుడికి చోటే లేదు.

మౌలాలి టీచరమ్మ:
ఇది నేనెప్పుడూ ఇలా పక్కపక్కన పెట్టి చూడలేదు. సమాధానం రాయడానికి సమయం పట్టింది.

నాకు కావలసింది ఏమిటో చెబుతాను. వాడు చేసింది వాడి కళ్ళముందుకి రావాలి. ఆ తల్లి ఏడుపు వాడి గుండెలో పుట్టాలి, తప్పించుకోవడానికి లాయర్లు, కులపెద్దలు, డబ్బు ఏవీ ఉండకూడదు. ఎన్నేళ్ళు పడితే అన్నేళ్ళు. వాడికి నిజంగా తెలిసివచ్చిన రోజు తర్వాత కూడా ఇంకా కాలుతూనే ఉండాలా అంటే, వద్దు, అది నాకు అక్కర్లేదు. కానీ ఆ రోజు రాకముందే దేవుడు ప్రేమ గలవాడు, పోనీలే అంటే మాత్రం ఒప్పుకోను.

గన్‌ఫౌండ్రీ కతోలిక్:
టీచర్ గారు చెప్పినదానికి చాలా దగ్గరగా ఉండేదే మా ఉత్తరించు స్థలం (పర్గెటరీ), అంటే పరలోకానికి ముందు ఆత్మలు శుద్ధి పొందే స్థితి. నవంబర్ 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టి పోయినవాళ్ళ కోసం ప్రార్థిస్తాం, అంటే పోయాక కూడా దేవుడు వాళ్ళ మీద పని చేస్తూనే ఉంటాడన్న నమ్మకం. నిత్యనరకాన్ని మా సభ ఇప్పటికీ బోధిస్తుంది, దాచను. కానీ 1964లో రెండో వాటికన్ మహాసభ, తమ తప్పు లేకుండా సువార్త తెలియనివాళ్ళు మనస్సాక్షిని అనుసరించి బతికితే రక్షణ పొందగలరని స్పష్టంగా చెప్పింది. బాప్తిస్మం లేకుండా పోయిన పసిపిల్లల రక్షణ గురించి ఆశపడటానికి గట్టి ఆధారాలు ఉన్నాయని 2007లో వాటికన్ వేదాంత సంఘం పత్రం ఇచ్చింది. అదే పసిపిల్లలు నరకంలోనే, కాకపోతే చాలా తేలికపాటి శిక్షలో ఉంటారని అగస్టీను అన్నాడు. ఇన్ని శతాబ్దాలు పట్టింది. ఆ మధ్యలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఎంత నరకం ఇక్కడే పడ్డారో.

ఇంకో సంగతి, మనం చెప్పుకునే నైసీయ విశ్వాస ప్రమాణంలో సజీవులకీ మృతులకీ తీర్పు తీరుస్తాడని ఉంది గానీ అంతులేని మంట గురించి ఒక్క ముక్క లేదు. దాన్ని సమర్థించి పోరాడిన నిస్సా బిషప్ గ్రెగరీ, చివరికి దేవుడు అందర్నీ బాగుచేస్తాడని నమ్మాడు. ఆయన్ని ఇప్పటికీ పునీతుడనే అంటాం.

ఈసీఐఎల్ పాస్టరు:
గ్రెగరీ సంగతి నిజమే, కానీ ఆరిగెను అనే ప్రాచీన వేదాంతి పేరుతో ఉన్న అలాంటి బోధనే 553లో కాన్‌స్టాంటినోపుల్ సభ సమయంలో ఖండించారని కూడా చెప్పాలి. సంఘంలో ఎక్కువమంది ఏం నమ్మారన్నది తీసిపారేసే విషయం కాదు.

కూకట్‌పల్లి హేతువాది:
ఆ సభ పెట్టించింది జస్టినియన్ చక్రవర్తి. చక్రవర్తులకి అంతులేని శిక్ష ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పాలా.

చిక్కడపల్లి పాఠకుడు:
నేను హిందువుని, మీ ఇంటి చర్చలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ముందుగా మావాళ్ళకి ఒక మాట, మన నరకాలు తాత్కాలికం కాబట్టి మనం గొప్ప అని ఇక్కడికొచ్చి రాయకండి. గరుడపురాణంలో శిక్షలు చదివితే నిద్రపట్టదు. మధ్వాచార్యుల ద్వైతంలోనైతే కొన్ని జీవులు ఎప్పటికీ అంధతమస్సులోనే ఉంటాయని ఉంది. మంత్రాలయం మఠం ఆ ద్వైత సంప్రదాయానిదే, అక్కడికి వెళ్ళొచ్చే చాలామందికి ఆ సంగతి తెలియదు.

నాకు గుర్తొచ్చింది మహాభారతంలోని స్వర్గారోహణ పర్వం. ధర్మరాజు స్వర్గానికి పోతే అక్కడ దుర్యోధనుడు వెలిగిపోతూ కూర్చుని ఉంటాడు. నా తమ్ముళ్ళెక్కడ, ద్రౌపది ఎక్కడ అంటే దేవదూత చీకటిదారిలో తీసుకుపోతాడు, కుళ్ళు కంపు, రక్తం బురద. తిరిగి వెళ్ళబోతుంటే చీకట్లోంచి గొంతులు, నీ ఒంటి మీది గాలి తగిలితే మాకు హాయిగా ఉంది, కాసేపు ఉండవయ్యా అని. ఎవరు మీరు అంటే కర్ణుణ్ణి, భీముణ్ణి, అర్జునుణ్ణి అని వినిపిస్తుంది. అప్పుడు ధర్మరాజు దూతతో, నువ్వు వెళ్ళి మీవాళ్ళతో చెప్పు, నేను రాను, ఇక్కడే ఉంటాను అంటాడు. ఇప్పుడు నా ప్రశ్న, పాస్టరు గారూ. పరలోకంలో ఉన్న తల్లికి కొడుకు మంటలో ఉన్నాడని తెలిస్తే అది పరలోకమేనా? తెలియకుండా మరిపిస్తే ఆమె ఇంకా ఆ తల్లేనా?

ఉప్పల్ ఒంగోలోడు:
పాఠకుడు గారూ, అది మా గ్రంథంలోనూ ఉంది. బంగారు దూడ చేసిన జనం కోసం మోషే, వీళ్ళని క్షమించకపోతే నీ గ్రంథంలోంచి నా పేరు తుడిచెయ్యి అన్నాడు. పౌలు రోమా 9లో, నా సహోదరుల కోసం నేనే శాపగ్రస్తుణ్ణై క్రీస్తు నుంచి వేరైపోయినా ఒప్పుకుంటానన్నాడు. అక్వినాస్ మాత్రం పరిశుద్ధులు నరకంలోవాళ్ళ బాధ చూస్తారు, దేవుని న్యాయం చూసి ఆనందిస్తారు అన్నాడు. మోషే, పౌలు ఒకవైపు, ఆ ఆనందం ఒకవైపు. నేనెటు నిలబడాలో నాకు తెలుసు.

ముషీరాబాద్ అక్క:
పెద్ద పెద్ద పేర్లు నాకు తెలియవు, సండే స్కూల్ పిల్లలకి చెప్పే మనిషిని. మా హాల్లో గోడకి ఒక చార్ట్ ఉంది, మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకవైపు వెడల్పు రోడ్డు, సినిమాహాలు, సారా కొట్టు, సింగారించుకున్న ఆడమనిషి, రోడ్డు చివర ఎర్రటి మంటల్లో చేతులు పైకెత్తిన మనుషులు. రెండోవైపు సన్న దారి, సిలువ. ఆ మంటల్లో ఒక ముసలాయన బొమ్మకి తెల్లమీసాలు ఉంటాయి. ఏడేళ్ళ పిల్ల ఒకతి దాని మీద వేలు పెట్టి, మా తాతకి కూడా ఇట్లాగే మీసాలు ఉంటాయి టీచర్, ఆయన బొట్టు పెట్టుకుంటాడు, ఈయన ఆయనేనా అని అడిగింది. వాళ్ళమ్మ చెప్పింది, ఆ వారమంతా రాత్రిపూట లేచి ఏడుస్తోందట.

పాస్టరు గారూ, నిజంగా అడుగుతున్నాను. ఈ మే నెల విబిఎస్‌లో (పిల్లల సెలవుల బైబిల్ స్కూల్లో) నేనేం చెప్పాలి?

ఈసీఐఎల్ పాస్టరు:
సిస్టర్, ముందు ఆ చార్ట్ తీసేయించండి. పసివాళ్ళని మంటలతో బెదిరించి తెచ్చే విశ్వాసం విశ్వాసం కాదు, పదహారేళ్ళు రాగానే పారిపోతారు, మా సంఘంలోనే చూస్తున్నాను.

మిగతా అందరికీ. ఇక్కడ మీరు చెప్పినవన్నీ ఒప్పుకున్నానని కాదు. నరకం లేదని బోధించలేను, ప్రభువు నోటి మాటని దాటలేను. రోమా 6:23లో పాపానికి జీతం మరణం అని ఉంది కాబట్టి, దుష్టులు చివరికి నశించిపోతారే తప్ప ఎప్పటికీ వేదన పడరు అని అడ్వెంటిస్టులు చెబుతారు, జాన్ స్టాట్ లాంటి సువార్తికుడు కూడా 1988లో అటే మొగ్గాడు. అది మళ్ళీ ప్రార్థనతో చదువుతాను. ధర్మరాజు ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కానీ ఒక్కటి, నా నోటితో ఎవరి సమాధి దగ్గరా, ఎవరి ఇంట్లోనూ, పోయినవాళ్ళు ఎక్కడున్నారో చెప్పను. ఆ అధికారం నాకు ఇవ్వలేదు.

మౌలాలి టీచరమ్మ:
చంపినవాళ్ళ సమాధి దగ్గర "ప్రభువునందు నిద్రించాడు" అని కూడా చెప్పకండి మరి. అదీ తీర్పే.

ఈసీఐఎల్ పాస్టరు:
చెప్పను అమ్మా.

ముషీరాబాద్ అక్క:
సరే, నేను అనుకుంటున్నది ఇది. చిన్నపిల్లలకి తప్పిపోయిన గొర్రె పాఠం, ఒక్కదాని కోసం కాపరి అది దొరికేవరకు వెదుకుతాడు, దొరికేవరకు అనే మాట లూకా 15లోనే ఉంది. పన్నెండు దాటినవాళ్ళకి మత్తయి 25 మొత్తం, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టారా అన్న ప్రశ్నతో, శిక్ష వచనం దాచకుండా. ఒంగోలు తమ్ముడూ, ఆ కరువు సంగతి, గుండ్లకమ్మ బాప్తిస్మాల సంగతి పిల్లలకి అర్థమయ్యేలా రెండు పేజీలు రాసి ఇస్తావా? ఏప్రిల్ లోపల కావాలి, మా టీచర్లకి కాపీలు తీయించాలి.